మొదటి లైన్లోనే జవాబు

"ఒక్క పేజీలో 'బెస్ట్ బొబ్బిలి వీణ' అని ముప్పై రెండుసార్లు రాసేరు. సదివినోడికి పిచ్చెక్కదేటి?"

మురళీమోహన్ గుమ్మం దాటకముందే అరుణశ్రీ అడిగిన మాట అది. బొబ్బిలిలో వీణలు చేసే ఎల్లాజీ గారి కూతురు. ఆయన వెబ్‌సైట్‌ను ఏడాదిగా విజయనగరం నుంచే నడుపుతున్న మురళి అక్కడికి రావడం అదే మొదలు.

"అలా రాస్తేనే సెర్చ్‌లో పైకొస్తామండీ."

"మరి రాలేదేటి?"

ఇదివరకు జనం లింకు నొక్కి వచ్చేవారు. ఇప్పుడు సెర్చ్ పేజీలో పైనే ఏఐ జవాబు చెప్పేస్తోంది, అందులో ఎల్లాజీ పేరే ఉండటం లేదు. నెలాఖరుకి మార్పు రాకపోతే వెబ్‌సైట్ ఆపేద్దామన్నారాయన.

మర్నాటి నుంచి మురళి రోజూ రైలెక్కి వచ్చాడు. ఏఐకి ఏం కావాలో అతనికి అంతుపట్టలేదు. ఈ అమ్మాయి తిడుతూనే అల్లం టీ ఎందుకిస్తుందో అసలే అంతుపట్టలేదు. వెబ్‌సైట్ ఆగిపోతే ఇక్కడికి రావడానికి ఇంకో సాకు లేదని మాత్రం బాగా అర్థమైంది.

ఒకరోజు ఆమె ఫోన్లో ఎవరికో చెబుతోంది. "వీణ ఎండలో పెట్టేరా? తీగల కిందుండే మెట్లని పట్టుంచిన మైనం కరిగిపోతాదండి. నీడలో ఉంచండి."

మురళి లేచి నిలబడ్డాడు. "ఇదే రాద్దాం. జనం అడిగే ప్రశ్న, కింద మీ పేరుతో జవాబు. చుట్టూ తిప్పకుండా మొదటి లైన్లోనే తేల్చెయ్యాలి. ఏఐ ఏరుకునేది అలాంటిదే అనుకుంటా."

"అనుకుంటావా? తెలీదా?"

"తెలీదండీ."

ఆమె మొదటిసారి నవ్వింది. ఇద్దరూ కూర్చుని పదకొండు ప్రశ్నలు రాశారు.

రెండు వారాలకి ఏఐ జవాబులో 'బొబ్బిలి అరుణశ్రీ చెప్పిన ప్రకారం' అని కనిపించింది. ఫోన్లు మోగాయి, వెబ్‌సైట్ నిలబడింది. ఇక తన పని అయిపోయిందని మురళికి దిగులు పట్టుకుంది. అయినా మర్నాడు వచ్చాడు.

పేజీ తెరిస్తే, తను రాయని పన్నెండో ప్రశ్న ఉంది.

'వెబ్‌సైట్ చూసే అబ్బాయి పని అయిపోయాక కూడా ఎందుకొస్తున్నాడు?'

జవాబు ఖాళీ. అరుణశ్రీ అటు తిరిగి వీణకి బిగించే గుండ్రటి బుర్ర తుడుస్తోంది. మురళి చెమటలు కక్కుతూ టైప్ చేశాడు. వీణల ప్రచారమూ, రాబోయే అవకాశాలూ అంటూ పేరా నిండిపోయింది.

"మొదటి లైన్లోనే తేల్చాలని నువ్వే సెప్పేవు," అందామె తిరగకుండానే.

అంతా చెరిపేసి, 'అరుణశ్రీ కోసం' అని రాశాడు.

ఆమె వచ్చి చదివింది. చెవులు ఎర్రబడ్డాయి. "ఇది అందరికీ కనబడతాదా?"

"వద్దంటే తీసేస్తాను."

"ఉండనీ."

వెనక ఉలి చప్పుడు ఆగింది. ఎల్లాజీ కళ్లద్దాలు సర్దుకుని స్క్రీన్ మీదది చదివారు.

"ఇది ఒక్కసారే రాసేవు. అంటే నిజమే అయ్యుంటాది," అన్నారు. "ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా, బాబూ."