కొంగ కంటిలో తెల్ల చుక్క

"చేతులు కడుక్కుని కిందికి రండి! మీ డబ్బాల్లో అన్నం చల్లారిపోతోంది!" మెట్ల దగ్గర్నుంచి టీచర్ కేకేసింది.

పిల్లలందరూ బిలబిలమంటూ మెట్లు దిగారు. మేడ మీద బొమ్మలు వేసే గదిలో ఉడత ఒక్కతే మిగిలింది. తన కుంచెలు ఇంకా కడగలేదు మరి. అక్రిలిక్ రంగు కుంచెలో ఆరిపోయిందంటే ఇక అది కుంచె కాదు, పుల్ల.

ఉడత అసలు పేరు వేరే ఉంది. ఒక్కచోట కుదురుగా ఉండదని టీచర్ అలా పిలుస్తుంది. గంటలో బొమ్మ ముగించేసి, పక్కవాళ్ళ బొమ్మల్లోకి తొంగి చూస్తుంది. దాని పక్కన కూర్చునే అబ్బాయి నత్త. వాడికా పేరు ఎందుకొచ్చిందో వాడి బొమ్మ చూస్తే చాలు. నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగను వాడు నాలుగు శనివారాలుగా వేస్తున్నాడు.

ఆ రోజు నాలుగింటికి లైబ్రరీ వాళ్ళు వ్యాను తెచ్చి, అందరి బొమ్మలూ ప్రదర్శనకి తీసుకెళ్తారు. నత్త బొమ్మ ఎప్పుడూ సమయానికి పూర్తి కాదు. అందుకని ఇంతవరకూ ఏ గోడకీ ఎక్కలేదు. ఈసారి ఎక్కబోతోంది. వాళ్ళ తాతయ్య చూడ్డానికి వస్తానన్నాడట. ఆ మాట నత్త పొద్దుట్నుంచి నాలుగుసార్లు చెప్పాడు.

దుమ్ము పడకుండా నత్త తన స్టాండు మీద పల్చటి గుడ్డ కప్పి వెళ్ళాడు. గుడ్డ రంగుకి తగలకుండా పైన రెండు క్లిప్పులు కూడా పెట్టాడు.

"ఒక్కసారి చూస్తే ఏమవుతుంది?" అనుకుని ఉడత గుడ్డ ఎత్తింది.

అబ్బ! కొంగ ఒంటి మీద తెలుపు ఒక్కటి కాదు. నీడలో నీలం కలిసిన తెలుపు, ఎండలో పసుపు కలిసిన తెలుపు. కన్ను మాత్రం ఏదోలా ఉంది. పసుపు వలయం, మధ్యలో నల్లటి గుండ్రం, అంతే.

"తెల్ల చుక్క పెట్టేదాకా పిట్ట కన్ను చూడదు" అని పొద్దున్నే టీచర్ చెప్పింది. కన్ను బాగా ఆరాక, అన్నం తిన్న తరవాత పెట్టమని నత్తతో అంది కూడా.

'వీడు చుక్క పెట్టేసరికి సాయంత్రమవుతుంది. నేను పెట్టేస్తే సంతోషిస్తాడు' అనుకుంది ఉడత.

సన్న కుంచె తెల్లరంగులో ముంచి, కంటికి తాకించింది.

కుంచెలో నీళ్ళు ఎక్కువయ్యాయి. చుక్క పెద్దదైంది. ఉబ్బింది. చూస్తుండగానే ముక్కు మీదుగా కిందికి జారింది. కొంగ ఏడుస్తున్నట్టుంది!

ఉడత వేలితో తుడిచింది. తెలుపు ఇంకా పాకింది. తడిగుడ్డ తీసుకుని రుద్దింది. అంతే, నల్లరంగు పాల మీద మీగడలా ముడతపడి ఊడొచ్చింది. దాని వెంట పసుపు వలయం కూడా. కన్ను ఉండాల్సిన చోట ఉత్త కాన్వాసు!

"ఉడతా, ఏం చేస్తున్నావే పైన?" కింది నుంచి టీచర్ గొంతు.

"వస్తున్నా టీచర్!" అంటూ గుడ్డ లాగి బొమ్మకి అదిమేసింది. క్లిప్పులు కింద పడ్డాయి. వాటిని బల్ల కిందికి తన్ని, పరుగున మెట్లు దిగింది.

కింద నత్త తన పక్కన చోటు పట్టి ఉంచాడు. "కుంచెలు కడిగావా, అరగదీశావా?" అని నవ్వాడు. ఉడత నవ్వలేదు. ఎవరి కుర్చీ చప్పుడైనా ఉలిక్కిపడుతోంది. గోరు పక్కన తెల్లరంగు మరక కనిపిస్తే, చెయ్యి బల్ల కింద దాచేసింది.

'దేవుడా, నా పేరు బయటికి రాకుండా చూడు. ఇంకెప్పుడూ ఏమీ అడగను' అని మనసులోనే దండం పెట్టుకుంది.

అన్నాలయ్యాక అందరూ పైకి వెళ్ళారు. నత్త గుడ్డ ఎత్తబోయాడు. రాలేదు. అంటుకుపోయింది. మెల్లగా లాగాడు. చర్రుమని చప్పుడైంది. కొంగ తల సగం గుడ్డతోపాటే వచ్చేసింది.

"ఆరని రంగుకి గుడ్డ తగిలించావా?" టీచర్ గొంతు పెరిగింది. "ఎన్నిసార్లు చెప్పాను నాయనా! నాలుగు వారాల పని!"

"తగలకుండానే కప్పాను టీచర్. క్లిప్పులు పెట్టాను..." నత్త స్టాండు వైపు చూశాడు. క్లిప్పులు లేవు. "పెట్టాననుకున్నాను. మర్చిపోయానేమో. నా తప్పే టీచర్."

వాడు ఆ గుడ్డ ముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఎవరూ ఉడత వైపు చూడలేదు. ఎవరికీ అనుమానం కూడా రాలేదు. కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది. మరి భయం పోవాలి కదా? పోలేదు. ఇందాకటి కంటే పెద్దదై, కడుపులో రాయిలా కూర్చుంది.

'దేవుడా, ఇది నువ్వు చేసిందేనా? వాడి మీదికి తోసెయ్యమని నేను అడగలేదే' అనుకుంది ఉడత. 'అడిగానా?'

గోడ గడియారంలో రెండు దాటింది. నత్త ముక్కు ఎగబీలుస్తూ బల్ల మీద తల వాల్చాడు. "తాతయ్యని రావద్దని చెప్పాలి" అని ఎవరితోనో అన్నాడు.

ఉడత లేచింది.

"క్లిప్పులు వాడు పెట్టాడు టీచర్. నేనే తన్నేశాను. బల్ల కింద ఉన్నాయి. కంటికి చుక్క పెట్టింది నేనే. రుద్దింది నేనే." మిగతాదంతా ఏడుపులో కలిసిపోయింది.

టీచర్ వంగి బల్ల కింద నుంచి క్లిప్పులు తీసింది. ముందు నత్త దగ్గరికి వెళ్ళింది. "చెయ్యని తప్పుకి నిన్ను తిట్టాను. ఏమనుకోకు నాయనా" అని తల నిమిరింది.

తరవాత ఉడత వైపు తిరిగింది. "చుక్క జారగానే నన్ను పిలిచి ఉంటే, తడి కుంచెతో మెల్లగా అద్దేసేదాన్ని. పూర్తిగా ఆరాక చెప్పినా, పైన మళ్ళీ వేసుకునేవాడు. పైపైన ఆరి, లోపల పచ్చిగా ఉన్నప్పుడు రుద్ది, పైన గుడ్డ అదిమావు చూడు, అప్పుడే ఊడొస్తుంది."

"నేను సాయం చేస్తాను నత్తా."

"నా బొమ్మ ముట్టుకోకు!" అన్నాడు నత్త.

నాలుగింటికి వ్యాను వచ్చింది. నత్త అప్పటికి కొంగ తలకి మొదటి పూతే వేశాడు. బొమ్మలన్నీ వెళ్ళాయి. వాడిది వెళ్ళలేదు.

ఆ తరవాత రెండు శనివారాలు నత్త ఉడతతో మాట్లాడలేదు. కుర్చీ కూడా దూరంగా జరుపుకున్నాడు.

మూడో శనివారం నత్త కొత్త బొమ్మ వేస్తున్నాడు. తీగ మీద గోరింక, వెనకాల లేత ఆకాశం. మగ్గులో నీళ్ళు మార్చుకుని కుంచె కడుక్కోడానికి గది చివరి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. టీచర్ ఎవరి బొమ్మలోనో ఆకులు దిద్దుతోంది. సరిగ్గా అప్పుడే ఉడత ఏదో అందుకోబోతూ చెయ్యి విసిరింది. కుంచెలోని ఆకుపచ్చ వెళ్ళి ఆకాశం మధ్యలో టప్పున పడింది.

ఎవరూ చూడలేదు.

కడుపులో ఆ పాత రాయి మళ్ళీ కదిలింది. చెయ్యి దానంతటదే గుడ్డ వైపు వెళ్ళింది. ఉడత ఆ చేతిని వెనక్కి లాక్కుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

"నత్తా! నేనేరా! నా కుంచే! ఇంకా తడిగానే ఉంది, తొందరగా రా!"

నత్త మగ్గు అక్కడే వదిలేసి, చేతిలో తడి కుంచెతో గది ఆ చివర నుంచి ఈ చివరకి దూసుకొచ్చాడు. వాడు పరుగెత్తడం ఆ గదిలో ఎవరూ అంతకుముందు చూడలేదు.