తొమ్మిదో నంబర్ ఎడమ కాలు

"ఫుట్‌బాల్ సీజన్‌కి ఇంకా రెండు నెలల టైముంది. మన ఫార్వర్డ్‌లు ఎటు పరుగెత్తుతారో అవతలివాళ్లకి అప్పుడే తెలిసిపోతోంది" అన్నాడు గూఢచారి సంస్థ చీఫ్, ఫైల్ విసిరేస్తూ. "ఎటాక్ ప్లాన్ మొత్తం ఒక విదేశీ ముఠాకి చేరుతోంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టాలి. పనయ్యాక కోడ్‌వర్డ్: మైదానం ఆరింది."

ఏజెంట్ పదకొండు గడ్డం పెంచి, క్లబ్ లాండ్రీలో చేరాడు.

కోచ్‌కి కంప్యూటర్లంటే నమ్మకం లేదు. ఎవరి పరుగు వారికి తెల్ల టేప్ మీద ఇంకుతో గీసి, వాళ్ల పిక్కలకే చుట్టేవాడు. ప్రాక్టీసయ్యాక ఆ టేపులు విప్పి లాండ్రీ బుట్టలో పడేసేవారు. రహస్యం అంత భద్రం!

ఆ బుట్ట దగ్గరికి రోజూ వచ్చేది టీమ్ ఫిజియో. ఆమె నవ్వితే గోల్‌కీపర్ కూడా బంతి వదిలేస్తాడు. ఆమె కత్తెర పిడిలో మైక్రో కెమెరా ఉందని ఏజెంట్ కనిపెట్టాడు. కానీ అప్పటికే ఆలస్యమైంది. వాషింగ్ మెషిన్ మూతలో నలిగిన అతని వేలికి రోజూ కట్టు కట్టేది ఆమే. వేలు మానిపోయినా అతను కట్టు మానలేదు.

సీజన్ ముందు రోజు అతను అసలు టేపులు తగలబెట్టి, తాను గీసిన దొంగ టేపులు బుట్టలో వేశాడు. ఐదింటికి ఆమె ఫోటోలు పంపుతుంది. అప్పుడు అరెస్ట్.

నాలుగూ యాభై ఎనిమిదికి మనసులో లెక్కపెడితే, తగలబెట్టినవాటిలో ఒకటి తక్కువ. తొమ్మిదో నంబర్ ఫార్వర్డ్‌కి ఒక పట్టింపు ఉంది. తన టేప్ ఫిజియోనే విప్పాలి. అసలుది ఆమె దగ్గరే ఉండిపోయింది! తొమ్మిది లేకపోతే ఈ సీజన్‌లో ఎటాకే లేదు.

పరుగెత్తి ఫిజియో గది తలుపు తోశాడు. ఆమె ఫోన్ మీద 'మెసేజ్ సెంట్' అని పడింది. లాక్కుని చూశాడు. అన్నీ తన దొంగ టేపులే. అసలు టేప్ ట్రేలో ముక్కలు ముక్కలై ఉంది.

"తొమ్మిది ఎడమ కాలితో కొడతాడని గీశావు" అందామె. "ఆ కాలి మడమకి రోజూ కట్టు కట్టేది నేను. అది బంతిని తన్నలేదని నాకు తెలీదా?"

"తెలిసీ ఎందుకు పంపావు?"

"నువ్వు గీశావని."

అతనికి ఏడుపొచ్చింది. "వెనక గేటు తీసే ఉంది. పారిపో. నిన్ను ఆ ముఠావాళ్లూ వదలరు, మావాళ్లూ వదలరు."

"నువ్వూ వస్తావా?"

కారిడార్లో బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. అతను వెనక గేటు వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. ఆమె అతని వేలి కట్టు సరిచేసి, బేడీల కోసం రెండు చేతులూ ముందుకు చాచింది.

ఆమెని ఎక్కించుకున్న కారు వెళ్లిపోయాక ఫోన్ తీశాడు. "మైదానం ఆరింది సార్."

"శభాష్! మరి ఈ సీజన్ మన ఎటాక్ ఎలా ఉంటుందంటావ్?"

"దివ్యంగా ఉంటుంది సార్. ఖాళీ గోల్‌పోస్ట్ ముందు నిలబడి కొట్టలేనివాణ్ణి నేనొక్కణ్ణే."