రెండు కార్డులు, ఒక పేలిక

ఏజెంట్ మల్లేశ్ చివరి మాట సగంలోనే తెగింది.

"రెండు కార్డులల్ల ఒకటి..."

తర్వాత వైర్‌లెస్‌లో తుపాకి చప్పుడు. పోలీసులకు ఖిల్లా ఘణపూర్ కోట రాళ్ల మధ్య అతని శవం దొరికింది. అది 1997 ఆగస్టు. ఎగువన కర్ణాటకలో వానలు దంచి కొడుతున్నాయి.

మర్నాడు వనపర్తి బస్టాండులో, పల్లీల బండి ముందు ఒక చంటిపిల్ల తల్లి ఆగింది.

"పల్లీలు మెత్తగ గాలేదు గద?"

"మెత్తగైతే నేనే తింటుంటి."

కోడ్ కలిసింది. పల్లీలవాడు చీఫ్ ఇస్రాయేలు. తల్లి ఏజెంట్ అలివేలు, గద్వాల నేతగాళ్ల ఇంటి పిల్ల. చంకలో ఏడాది నిండని మార్కండేయ.

పొట్లం కడుతూనే బ్రీఫింగ్ మొదలైంది.

"గద్వాల అవతల ఆనకట్ట. ఎగువన నది ఎంత ఎత్తు పారుతుందో కంట్రోల్ రూంల కంప్యూటర్ మీద బొమ్మొస్తది. దాన్ని సూసే గేట్లు లేపుతరు. ఆ బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డులు రెండొచ్చినయి. రేపు పోటీ. ఒకటి నల్లకొంగ ముఠాది, విదేశపోల్లది. అది బిగిస్తే కట్ట తెగినట్టే. రెండిట్ల అది ఏదో కనిపెట్టాలె."

"మల్లేశన్ననే సంపిండ్రు. పిల్లగాన్నేసుకొని నేనెట్ల పోవాలె సార్?"

"పిల్లగాడున్నడనే పొమ్మంటున్న బిడ్డా. చంకల పిల్లున్న ఆడమనిషిని ఎవడు సోదా చేస్తడు? వాడే నీ ఐడెంటిటీ కార్డు."

"వానికి జరం కాస్తుంది."

"ఇంక మంచిది. ఏడుస్తడు. ఎవ్వడు దగ్గరికి రాడు."

ఏజెంట్లకు కాన్పు సెలవు లేదన్న మనిషే, కాన్పయ్యాక పిల్లవాణ్ణి డ్యూటీలో చేర్చుకున్నాడు. అలివేలు పల్లీల పొట్లం తీసుకుంది. తినలేదు.

"ఆడ మన మనిషుంది. షీలా. కార్డుల కంపెనీల సేల్స్ ఇంజినీరు. నువ్వు పని జూసుకో, పిల్లగాన్ని ఆమె ఎత్తుకుంటది."

మరునాటి వేషం: గద్వాల చీరలమ్మే మనిషి. పాలడబ్బా అడుగున వైర్‌లెస్. పైట కొంగు జరీయే దాని ఏరియల్.

కంట్రోల్ రూం ఆనకట్ట మీదనే ఉంది. ఒక పక్క తలుపు తీస్తే బాల్కనీ, దాని కింద నలభై అడుగుల లోతున బండలు. ఇంజినీరు తుకారాం భార్య కోసం చీరలు చూపించమన్నాడు. అలివేలు మూట విప్పే ముందు బాల్కనీ వైపు చూసింది. సంచిలోంచి పాత చీర పేలిక తీసి, ఒక కొస పిల్లవాడి నడుముకు, మరో కొస ఇనుప టేబులు కాలికి కట్టింది. మోచేత్తో కొలిచి మరీ ముడి వేసింది.

తుకారాం నవ్వాడు. "ఏందమ్మా, లేగదూడను కట్టినట్టు కడ్తివి?"

"గుంట మగ్గమున్న ఇండ్లల్ల గిట్లనే కడ్తం సార్. పాకుకుంట పోయి గుంటల పడ్తరు. అంచుకు రెండు మూరలు తక్కువ కట్టాలని మా అమ్మ నేర్పింది."

నడుము ముడి పిల్లవాడి అంగీ కిందికి, మిగతా పేలిక ఆమె పరిచిన పట్టుచీరల కిందికి పోయి కనిపించలేదు. అప్పుడు వచ్చింది షీలా. నల్లకళ్లద్దాలు, ఎర్రని పెదవులు, గదంతా సెంటు వాసన.

"గీ చీరల రంగు పోతదా అక్కా?"

"నీళ్లల్ల పోదు. ఎండల్ల పోతది."

కోడ్ కలిసింది. షీలా నవ్వి పిల్లవాణ్ణి ఎత్తుకుంది.

పోటీ మొదలైంది. రెండు తెరలు పక్కపక్కన. ఎగువన నది ఎత్తు కొలిచే యంత్రం నుంచి వచ్చే వైరు ఒక్కటే, రెండింటికీ.

"సార్, గిది గరుడ," అంది షీలా. "నాలుగు ఎంబీ మెమరీ, పీసీఐ స్లాట్. కోటీ అరవై ఏడు లక్షల రంగులు. సెకనుకు ముప్పై బొమ్మలు. గది మైనా. ఒక్క ఎంబీ, పాత ఐఎస్ఏ స్లాట్. రంగులు రెండొందల యాభై ఆరు. సెకనుకు నాలుగు బొమ్మలు గీస్తే గొప్ప."

గరుడ తెర మీద నీలపు నది నున్నగా పారుతోంది. మట్టం ఐదు మీటర్లు. మైనా తెర మీద నది గీతా గీతా పడుతూ, అద్దకం చెడిన బట్టలా మచ్చలతో వస్తోంది. మట్టం తొమ్మిది.

"తొమ్మిదేంది?" తుకారాం ముఖం చిట్లించాడు. ఎగువన అడుగుదామని ఫోను ఎత్తాడు. పొద్దటి నుంచి లైను లేదు.

"ర్యామ్ సాలక ఏదో గీస్తుంది సార్. దాన్ని నమ్ముతరా? గరుడకే సంతకం పెట్టుండ్రి."

అలివేలు లేచి, షీలా చేతుల్లో ఉన్న పిల్లవాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి వేడిగా ఉంది. రాత్రి వాడు ఏడవకపోతే తగ్గిందని మురిసింది. ముట్టుకుంటే పెనంలా కాలాడు. నిమ్మళంగా కనిపించేదాన్ని నమ్మకూడదని రాత్రే తెలిసింది.

ఆమె గరుడ వైపు తిరిగింది.

"సార్, కొలత ఎంతసేపటికొక్కపారి వస్తది?"

"నిమిషానికొక్కపారి."

"మరి నడుమ గిన్ని అలలు దీనికి యాడికెళ్లి వస్తున్నయి? ఆ వైరు జర పీకి సూద్దాం."

షీలా ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ బాల్కనీ గుమ్మం దాకా పోయింది. కళ్లద్దాలు తీసింది.

"వైరు ముట్టకక్కా. ముడితే పిల్లగాడు బండల మీద ఉంటడు. మల్లేశ్ గిట్లనే మాట ఇనలే."

మైనా మీద పదకొండు. గరుడ మీద ఐదు.

అలివేలు షీలాను చూడలేదు. చీరల కింద నుంచి బయటికి సాగిన పేలికను చూసింది. ముడి గట్టిదేనా? మూర సరిగ్గానే కొలిచానా? అమ్మ చెప్పింది మగ్గం గుంట గురించి. ఇది గుంట కాదు.

వైరు పీకింది.

షీలా రెయిలింగు వైపు దూకింది. చీరలు ఎగిరాయి. పేలిక బిగిసింది. పిల్లవాడు ఆమె చేతుల్లోంచి వెనక్కి జారిపడ్డాడు. రెయిలింగు ఇంకా రెండు మూరల దూరం ఉంది. తూలిన షీలా గచ్చు మీద బోర్లా పడింది. అలివేలు ఆమె వీపు మీద మోకాలు పెట్టి, ఒక చేత్తో పిల్లవాణ్ణి లాక్కుంది. వాడు గుక్కపెట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాకే ఆమె ఊపిరి తీసుకుంది.

మైనా తెర నల్లబడింది. గరుడ తెర మీద మాత్రం, నదితో సంబంధం తెగాక కూడా నది హాయిగా పారుతోంది. ఐదు మీటర్లు.

"దీంతల్లి! లోపల బొమ్మ దాసిండ్రు!" తుకారాం సైరన్ కొట్టాడు. గేట్లు ఒక్కొక్కటే లేచాయి. ఆఖరి గేటు పైకి వచ్చి ఆగిన క్షణంలోనే ఎర్రనీళ్లు వచ్చి కట్టను గుద్దాయి. గోడలు వణికాయి. కట్ట నిలిచింది.

పాలడబ్బా వైర్‌లెస్‌లో కబురు పోయాక జీపు వచ్చింది. బేడీలతో ఎక్కుతూ షీలా వెనక్కి తిరిగింది.

"నేను ఎత్తుకపోయిన. నువ్వు పందెం గట్టినవ్. ఇద్దరిల పాపిష్టిది ఎవరక్కా?"

అలివేలు పిల్లవాడి అంగీ పైకెత్తింది. పిల్లవాడి నడుము చుట్టూ ఎర్రని వాత తేలింది. దాని మీద వేలితో రాస్తూ ఉండిపోయింది.

నెల తర్వాత నాగర్‌కర్నూల్ టీ హోటల్లో ఇస్రాయేలు ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి ఆటో డ్రైవరు వేషం.

"కార్డుల పోటీ మీద కమిటీ రిపోర్టు వచ్చింది బిడ్డా. గరుడనే తీసుకున్నరు."

"గరుడనా! ఎందుకు సార్?"

"వైరు పీకితే మైనా ఆగిపాయెనంట. గరుడ ఆగలేదంట. పర్ఫార్మెన్స్ మంచిగున్నదని రాసిండ్రు." అతను టీ ఊదుకున్నాడు. "వచ్చే వారం మన్ననూర్ అడవిల డ్యూటీ. పిల్లగాన్ని తెచ్చుకో."

ఇంటికి పోయాక అలివేలు కత్తెర తీసుకుని, పేలికను ఇంకో మూర కురచ చేసింది.