తిప్ప మీద నిలబడ్డవాడు

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరున్న ఇసుక తిప్ప పేరెత్తితే మా పేటలో మొనగాళ్లు కూడా మాట మార్చేస్తారు. వెనకెప్పుడో నీళ్లు తీసిన వేళ గవ్వలేరడానికి దిగిన నలుగురిని పోటు అక్కడే ముంచేసిందట. అప్పట్నించీ వాళ్లు దెయ్యాలై, వరసలు పెట్టి మరీ పిలుస్తారని చెప్పుకుంటారు. పిలిస్తే పలకకూడదు. పడవ అంచు మీద చెయ్యి పడిందా... ఆ వేళ్లు చితికేదాకా కొట్టాలి.

ఆ తిప్ప దగ్గర తనకి జరిగింది మా పెదనాన్నే నాకు చెప్పాడు. ఆయన్ని అందరూ గడియారం అనేవారు. చంద్రుడి వంక ఒక్కసారి చూసి, ఏ వేళకి ఎక్కడ ఎన్ని నీళ్లుంటాయో చెప్పేసేవాడు. ఆయన్ని అడగందే ఎవరూ వల విప్పేవారు కాదు. ఆ గర్వం కూడా ఆయనకి బాగానే ఉండేది, దాచడమెందుకు.

ఓ పౌర్ణమికి రెండు రోజుల ముందు నుంచీ నేల మీంచి సముద్రం వైపు ఒకటే గాలి. పౌర్ణమి నాడు వేటకెళ్లిన పడవలన్నీ ఎదురుగాలికి చచ్చీచెడీ ఒడ్డు చేరాయి. ఒక్కటి మాత్రం రాలేదు — పెదనాన్న తమ్ముడిది. అంటే, మా నాన్నది.

"బావగారూ, మీరే తీసుకురావాలి" అంది మా అమ్మ, గుమ్మంలో నిలబడి.

తోడు రమ్మంటే ఒక్కడూ కాలు కదపలేదు. మొగ దాటాలంటే తిప్ప పక్కనుంచే పోవాలి మరి. చీకటి పడుతుండగా ఆయన చిన్న పడవ తోసుకుని ఒంటరిగా బయల్దేరాడు.

చంద్రుడు బాగా పైకొచ్చాడు. నిండు పోటు వేళ. తిప్ప మీద నిలువెత్తు నీళ్లుండాలి...

అక్కడ ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

పెదనాన్న తెడ్డు ఆపేశాడు. ఇంత పోటులో అక్కడ ప్రాణమున్నవాడెవడూ నిలబడలేడు. ఆయన లెక్క ఏనాడూ తప్పలేదు.

"అన్నా..."

గాలికి ముక్కలై వచ్చింది గొంతు. అచ్చం తమ్ముడి గొంతే! పెదనాన్న పలకలేదు. గబగబా తెడ్డు వేశాడు. ఆకారం నీళ్లు చిందిస్తూ అడ్డం వచ్చింది. రెండు తడి చేతులు పడవ అంచుని పట్టుకున్నాయి.

"నా తమ్ముడి గొంతు పెట్టుకుని వస్తావా!"

తెడ్డెత్తి వేళ్ల మీద కొట్టాడు. ఎముకలు పుటుక్కుమన్నాయి. చేతులు వదల్లేదు. మళ్లీ కొట్టాడు.

"అన్నా, నేనే... లోతు లేదు... దిగు..."

దిగమంటోంది! తల మీద కొట్టాడు. దవడ మీద కొట్టాడు. వెచ్చటి రక్తం మొహాన చిమ్మింది. "దెయ్యానికి రక్తమేమిటని తట్టలేదమ్మా" అన్నాడు తర్వాతెప్పుడో నాతో. ఏడుస్తూ, బూతులు తిడుతూ, ఆ చేతులు జారిపోయేదాకా కొడుతూనే ఉన్నాడు.

ఆఖరి దెబ్బ గురి తప్పింది. తెడ్డు నీళ్లలోకి దూసుకుపోయి — ఇసుకలో గుచ్చుకుని నిలబడింది.

పెదనాన్న దాన్నే చూస్తూ ఉండిపోయాడు. మెల్లగా ఒక కాలు కిందికి దింపాడు. తర్వాత రెండోది.

మోకాళ్లు కూడా మునగలేదు.

పడవల్ని అడ్డుకున్న గాలే పోటునీ అడ్డుకుంది. చంద్రుణ్ణి చూసి లెక్కకట్టిన మనిషి గాలిని మర్చిపోయాడు.

పది బారల అవతల మా నాన్న పడవ ఇసుకలో కూరుకుపోయి, పక్కకి ఒరిగి ఉంది. పౌర్ణమి పోటు కదా, చంద్రుడు పైకొచ్చే వేళకి తిప్ప మీంచే దర్జాగా వచ్చెయ్యొచ్చని ఆ పొద్దున ఆయనకి చెప్పి పంపింది పెదనాన్నే.