నలుగుకు పోని నలుపు

ఆదివారం ఉదయం. ఏన్కూరులోని ఆ ఇంట్లో పొయ్యి మీద ఇడ్లీలు ఉడుకుతున్నాయి. పెరట్లో నిర్మలాదేవి, మెడ చుట్టూ కొంగు బిగించి, మనవరాలు లిఖిత మెడను బీరపీచుతో తోముతోంది. ఇత్తడి బిందెనైనా అంత కసిగా ఎవరూ తోమరు.

"మండుతుంది నానమ్మా."

"మండనియ్. మధ్యాహ్నం ఎర్రుపాలెంల పెండ్లి. గీ మెడ ఏసుకొని వస్తవా? డాక్టరమ్మ బిడ్డ తానం చెయ్యదనుకుంటరు."

లిఖితకు పంతొమ్మిదేళ్లు. మెడ వెనక ముడతల్లో మందంగా, మఖమల్ గుడ్డలాంటి నలుపు. శనగపిండి, నిమ్మచెక్క, చివరికి పీచు. నిర్మలాదేవి చేయని ప్రయోగం లేదు. కోడలి ప్రయోగాలంటే మాత్రం ఆమెకు ఒళ్లు మంట.

కోడలు ఉదయశ్రీ షుగరు మీద పరిశోధన చేస్తుంది. పెద్దయ్యాక వచ్చే ఆ వ్యాధి, బయటపడడానికి ఏళ్ల ముందు ఒంట్లో ఏం చేస్తుందన్నదే ఆమె పని. వారంలో సగం రోజులు భద్రాచలం వైపు అడవి పల్లెల్లోనే గడుస్తాయి. ఇప్పుడూ అక్కడినుంచే వచ్చి, నెత్తుటి గొట్టాలున్న ఐసు డబ్బాతో జీపు దిగింది.

"వచ్చింది మహాతల్లి. రోగం లేనోళ్ల నెత్తురు గుంజి రోగం దేవులాడుతదట. మిరప నారు పొయ్యకముందే కాయలు తాలైనయని ఏడ్చినట్టు. గా డబ్బా వంటింట్లకు తేకు."

ఈ మాటలు ఉదయశ్రీకి అలవాటే. అయితే ఈసారి కూతురి మెడ మీద తోలు లేచి రక్తం కనిపించింది. డబ్బా అరుగు మీద పెట్టేసి, పీచు లాక్కుంది.

"ఇది మురికి కాదత్తయ్యా."

"మురికి గాక ఏంది? అడవిల ఊరోళ్ల మెడలు చూసేందుకు టైముంటది. కన్నబిడ్డ మెడ చూసేందుకు ఉండదా?"

ఉదయశ్రీ వంగి కూతురి మెడను దగ్గరగా చూసింది. ఊరూరా ఈ గుర్తు కోసమే వెతికే మనిషి, ఇంట్లో కూతురు చున్నీ చుట్టుకు తిరుగుతుంటే ఫ్యాషన్ అనుకుంది.

"చూడలేదు. తప్పు నాదే" అంది. "ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు శరీరం ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. అది మితిమీరితే మెడ ఇట్ల నల్లబడొచ్చు. అప్పటికి చక్కెర పరీక్షలో ఏమీ కనిపించకపోవచ్చు."

నిర్మలాదేవి పకపకా నవ్వింది. "నీ సదువు మంట్ల గలవ. నల్లమెడ రోగమా? నీ మొగనికి గిట్లనే ఉండె. కాలేజీకి పోయే రోజులల్ల తోమి తోమి నా రెక్కలు పడిపోయినయ్. వానికేమైంది?"

వంటింటి గడపలో కొడుకు వెంకటకృష్ణ నిలబడి ఉన్నాడు. అరచేతిలో టిఫిన్‌కు ముందు వేసుకునే షుగరు మాత్ర. కిందటేడు పుండు మానక బొటనవేలు తీసేసిన కాలికి మెత్తటి చెప్పు.

"ఆ నలుపు పోలేదు కదమ్మా" అన్నాడు మెల్లగా.

నవ్వు ఆగిపోయింది. ముసలామె మాత్రను చూసింది, వేలు లేని కాలిని చూసింది, రక్తమోడుతున్న మనవరాలి మెడను చూసింది. అక్కడే తడి రాతి మీద కూలబడింది.

"అంటే అన్నేండ్ల ముందే వచ్చి చెప్పిందా అది? నేను పీచు పెట్టి తుడిచేసిననా?"

"తోమినందుకు రాలేదు అత్తయ్యా. మనకెవరికీ తెలియక అట్ల వదిలేసినం."

"మరి గీ పిల్లకు?"

"రాదని మాట ఇయ్యలేను. తిండి మార్చి, రోజూ నడిపిస్తే చాలామందికి వెనక్కి తగ్గుతుంది. రేపు ఖమ్మంలో పరీక్ష చేయిద్దాం."

నిర్మలాదేవి లోపలికి వెళ్లి కొబ్బరినూనె తెచ్చింది. తోమిన ఆ చేత్తోనే మనవరాలి మెడకు రాసింది.

"పెండ్లికి చున్నీ లేకుండనే రా. నవ్వినోని మొఖం నాకు చూపియ్, చాలు."

తర్వాత కోడలి ముందుకొచ్చి, ఏనాడూ జారనివ్వని కొంగును మెడ మీంచి తీసేసింది. ముడతల నిండా అదే నలుపు.

"మా అత్త ఇటుకపొడితో తోమింది నన్ను" అంది, కళ్లు తుడుచుకోకుండానే. "డబ్బాల ఖాళీ గొట్టం ఉంటే తే, ఉదయా. ముందు నా నెత్తురు తియ్."