ఫోర్టు వరండాలో మూడో పిలుపు

బొంబాయి ఫోర్టులో ఒక పాత రాతి భవనం ఉంది. ముందు పెద్ద పెద్ద స్తంభాల వరండా. పొద్దుగూకాక, మన ఆదోని పక్క నుంచి కూలికెళ్లినవాళ్లెవరూ ఆ వరండా కింద నడవరు. చుట్టుదారైనా సరే, రోడ్డు దాటి అవతలి పక్కన పోతారు.

ఎందుకంటే — అక్కడేదో పిలుస్తుందట. తెలుగులో... పేరు పెట్టి...

ఈ సంగతి సుధాకర్‌కు చెప్పింది ఏసన్న. కౌతాళం మనిషి, పదేళ్లుగా బొంబాయిలో తాపీ పని. సుధాకర్ పడీపడీ నవ్వాడు.

"బొంబాయి దెయ్యానికి మరాఠీ రావాల, హిందీ రావాల. మన మాట ఎట్లొస్తాదన్నా?"

"అదే గదప్పా భయం!" అన్నాడు ఏసన్న.

సుధాకర్‌ది ఎమ్మిగనూరులో ఫోటో స్టూడియో. ఆ స్టూడియోలో కూర్చుని, వచ్చినవాళ్లందరి ముందూ తన పరువు తానే తీసుకుంటూ ఈ కథ చెబుతుంటాడు. మేమూ అక్కడ విన్నదే.

చేనేత చీరల ఎగ్జిబిషన్ ఫోటోలు తీయమంటే రెండు రోజులకు బొంబాయి వెళ్లాడు. వెళ్లేవాడు ఊరికే వెళ్లలేదు, నోరు జారి వెళ్లాడు. రైతు దేవేంద్రప్ప కూతురు దివ్యకు గురువారం పెళ్లి. పెళ్లికి ముందు పెద్ద సిటీలో ఫోటోలు దిగాలని ఆ పిల్లకు ఆశ. పెళ్లికొడుక్కేమో సెలవు దొరకలేదు. "మీరు పొయ్యేదెందుకు? బొంబాయినే ఎమ్మిగనూరుకు తెస్తా" అని మాటిచ్చాడు సుధాకర్. అక్కడి పాత భవనమొకటి ఫోటో తీసి, గోడంత ఫ్లెక్సు వేయించి, దాని ముందు జంటను నిలబెడతానన్నాడు.

ఒకటే షరతు. ఫోటోలో నరమానవుడు ఉండకూడదు. పెళ్లికూతురి వెనక ఎవడో వడాపావ్ తింటూ కనబడితే ఎదురు స్టూడియోవాడు ఏడాది పొడుగునా నవ్వుతాడు.

కానీ బొంబాయిలో మనిషి లేని చోటెక్కడ? కెమెరా ఎక్కడ పెట్టినా జనమే. చివరికి ఆదివారం రాత్రి, రైలుకింకా గంటన్నర ఉందనగా, ఒక్క వీధి ఖాళీగా దొరికింది. ఆఫీసులన్నీ మూసి ఉన్నాయి. ఎదురుగా ఏసన్న చెప్పిన భవనం...

ట్రైపాడ్ నిలబెట్టాడు. చీకటి కదా, షట్టరు ముప్పై సెకన్లు తెరిచి ఉంచాలి. నొక్కబోతుంటే ఫోను మోగింది. దేవేంద్రప్ప.

"మాట్లాడేది ఎవురప్పా? సరిగ్గా ఇనపడల్యా."

"నేనేన్నా, ఫోటో సుధాకర్‌ని! ఎమ్మిగనూరు సుధాకర్‌ని! బొంబాయిలో ఉండా!"

ఊరు ఎంత దూరమైతే గొంతు అంత పెంచాలని మనవాళ్ల నమ్మకం. సుధాకర్ అరిచిన అరుపుకు అసలు ఫోనే అక్కర్లేదు. "రేపు మాట్లాడతాన్నా" అని పెట్టేసి, షట్టరు నొక్కాడు.

ఒకటి... రెండు... మూడు...

"సుధాకరా..."

వరండాలోంచి. మెల్లగా.

చిన్నప్పుడు అవ్వ చెప్పిన మాట గుర్తొచ్చింది. రాత్రిపూట పేరు పెట్టి పిలిస్తే పలకకూడదు. దెయ్యమైతే రెండుసార్లే పిలుస్తుంది. మూడోసారీ పిలిస్తే మనిషి.

"ఓ సుధాకరప్పా..."

రెండు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మంత్రాలయం స్వామికి మొక్కుకున్నాడు.

"పలకవేమప్పా..."

ఇది మూడోదా, కాదా? ఇందులో పేరు లేదే! పేరు లేని పిలుపు లెక్కకొస్తుందో రాదో అవ్వ చెప్పకుండానే పోయింది. "పానం పోతాంటే నాకు లా పాయింటు కావాల్సొచ్చె సూడు" అంటాడు ఇప్పుడు.

టక్... షట్టరు మూసుకుంది. తెర వెలిగింది.

రాళ్లు మిలమిలా మెరుస్తున్నాయి. స్తంభాలు దర్జాగా నిలబడ్డాయి. రెండు స్తంభాల నడుమ — ఒక ఆడమనిషి. తెల్లగా, పొగలాగా. మొహం లేదు. కాళ్లు లేవు. ఆమె పొట్టలోంచి వెనక గోడ కనబడుతోంది...

షట్టరు తెరిచి ఉండగా మనిషి కదిలితే ఫోటోలో అలాగే పడుతుంది. పదిహేనేళ్లుగా కెమెరా పట్టినవాడికి ఇది తెలియదా? తెలుసు. తెలిసీ పరుగెత్తాడు.

వీధి మొగలో ఆగి, రొప్పుతూ గుండె మీద చెయ్యేసుకుంటే అప్పుడు తట్టింది, మెడలో కెమెరా లేదని. వెనక్కి తిరిగాడు.

అది వస్తోంది! ట్రైపాడ్‌ను కెమెరాతో సహా పారలాగా భుజానేసుకుని, చకచకా...

"ఇది ఇడిసి ఉరికితివే!"

"నువ్వు... మనిషివేనామ్మా?"

"కాకుంటే ఇంత బరువు మోస్తానా?"

ఆమె పేరు సుంకులమ్మ. ఎమ్మిగనూరు దగ్గరే, సి.బెళగల్ పక్క పల్లె. భవనానికి రిపేరు జరుగుతుంటే సిమెంటుకు కాపలా ఉంటోంది. చీర తెలుపంతా ఆ సిమెంటు దుమ్మే.

"నాలుగేండ్లాయప్పా. మన మాట ఇనపడితే సాలు, అందులో ఇనపడిన పేరు పట్టుకోని పిలుస్తా. అందరూ ఉరుకుతారు. నీయంత జోరుగా మాత్రం ఎవురూ ఉరకల్యా."

"ఎందుకు పిలుస్తావమ్మా?"

ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"మన పక్క వాన పడిందా అప్పా? ఫోను సేసి అడుగుదామంటే ఊర్లో నాకెవురూ మిగల్యా."

సుధాకర్‌కు తల కొట్టేసినట్టయింది. ఎమ్మిగనూరు నుంచి వచ్చినవాడికి ఎమ్మిగనూరులో వాన పడిందో లేదో తెలియదు. దేవేంద్రప్పకు ఫోను కలిపి ఆమె చేతికిచ్చాడు.

"అన్నా, వాన పడిందా?" అంది. అవతలి నుంచి ఏదో వినబడగానే, "అయ్యో, మంచిగా పడిందా!" అని అరుగు మీద కూలబడింది. ఇక పత్తి, శనగ, ఎవరి బావిలో నీళ్లున్నాయి, ఎవరి ఎద్దులు అమ్ముడుపోయాయి... అడుగుతూ నవ్వింది, నవ్వుతూ కొంగుతో కళ్లొత్తుకుంది.

సుధాకర్ వాచీ చూసుకున్నాడు. ఇంకో ఫోటోకు టైముంది. మళ్లీ చూసుకున్నాడు. లేదు. ఫోను అడిగి తీసుకోవచ్చు. నోరు రాలేదు. ఉరికినందుకు సిగ్గుతో, ఆమె పక్కనే నిలబడ్డాడు.

రైలు అందింది. చేతిలో మిగిలింది ఒక్కటే ఫోటో.

సోమవారం సాయంత్రం స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని, స్తంభాల మధ్య పొగను చెరపబోతుంటే దేవేంద్రప్ప వచ్చాడు. జరిగిందంతా విని, తెర వంక తేరిపార చూశాడు.

"నాతో మాట్లాడింది ఈయమ్మేనా?"

"అవునన్నా. ఐదు నిమిషాల పని. తుడిపేస్తాండా."

"తుడపొద్దప్పా. పెండ్లికి రమ్మని పిలిసినా. పని ఇడిసి రాలేనని ఏడ్సింది. ఉండనీ ఆడ."

గురువారం ఆ ఫ్లెక్సు ముందు దివ్య, పెళ్లికొడుకు కాస్త పక్కకు జరిగి నిలబడ్డారు, సుంకులమ్మకు అడ్డం రాకుండా.