గోడ అవతల టకటక

పొద్దున్న ఏడున్నర కాగానే ఆ ఇంట్లో తలుపులు మూసుకుంటాయి. ఒక తలుపు వెనక మామగారు, ఇంకో తలుపు వెనక కోడలు. మూడో గది తలుపు అప్పటికే మూసి ఉంటుంది. లిఫ్టుల మెకానిక్ అయిన కొడుకు రాత్రి డ్యూటీ దిగి వచ్చి అందులో గుర్రు పెడుతుంటాడు. హాల్లో మిగిలేది అత్తగారొక్కతే.

"ఇది కొంపో, మూసేసిన కొట్ల వీధో అర్థం కాదు నాకు" అని ఆవిడ రోజుకొకసారైనా గోడలకు చెప్పుకుంటుంది.

కంప్యూటర్ విడిభాగాలు చేసే ఒక కంపెనీ సహాయ కేంద్రంలో కోడలిది ఉద్యోగం. ఎక్కడెక్కడి వాళ్లో తమ కంప్యూటర్ మొరాయిస్తే చాట్‌లో రాస్తారు, ఈమె జవాబు రాస్తుంది. కంపెనీ రెండేళ్ల క్రితం ఆఫీసు ఎత్తేసి అందరినీ ఇళ్ల నుంచే చేసుకోమంది. షరతు ఒక్కటే, తలుపు వేసుకోగల గది ఉండాలి. ఒకప్పుడు మామగారు నక్షాలు గీసుకున్న చిన్న గది అలా ఆమెకు దక్కింది. దక్కిందే కానీ, దాని మీద మామగారి ముఖం మాడని రోజు లేదు.

ఆయన నీటి సరఫరా శాఖలో ముప్పై రెండేళ్లు గొట్టాల నక్షాలు గీసి రిటైరయ్యారు. ఏ వీధి కింద ఏ గొట్టం ఎంత లోతున పోతుందో ఇప్పటికీ ఆయన్నే అడుగుతారు. ఆయన పాత కంప్యూటర్ చచ్చిపోయిందని కోడలు తన కంపెనీ మదర్‌బోర్డే సిబ్బంది కోటాలో తెప్పించింది. షాపు మెకానిక్ నిన్న దాన్ని బిగించాడు. డిస్కు చెరిపేసి అంతా కొత్తగా ఎక్కిస్తానంటే మామగారు ససేమిరా అన్నారు, తన నక్షాలన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి. మిగతాది తానే చూసుకుంటానని మెకానిక్‌ను పంపేశారు.

ఆ ఉదయం తలుపులు మూసుకోకముందే గొడవ మొదలైంది.

"పన్నెండింటికి ఆఫీసు నుంచి మనిషొస్తాడు నక్షా కోసం. రేపు వీధి తవ్వుతున్నారు. ఇక్కడ చూస్తే ప్రింటర్ ఉలకదు, పలకదు" అన్నారు మామగారు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో దూర్చి గుమ్మంలో నిలబడ్డారు. ఈ మధ్య ఆయన నిలబడటం అలాగే.

"చిప్‌సెట్ డ్రైవర్ పడి ఉండదు మామయ్యా. నా షిఫ్టుకింకా పావుగంట ఉంది. ఒక్కసారి చూస్తాను" అంది కోడలు.

"డ్రైవరేంటే దానికి?" అంది అత్తగారు.

"కొత్త బోర్డుకీ, దానికి తగిలించిన వస్తువులకీ మాట కలిపే సాఫ్ట్‌వేర్ అత్తయ్యా. అది లేకపోతే పక్కపక్కనే ఉన్నా ఒకదానికొకటి కనబడవు."

"అయితే మనింట్లోనూ అదే లేదన్నమాట."

కోడలికి నవ్వొచ్చింది. మామగారికి రాలేదు.

"నా గదిలోకి ఎవరూ రానక్కర్లేదు. నేనే వేస్తా. నిన్నటి నుంచి నాలుగుసార్లు వేశాను, నాలుగుసార్లూ ఏదో తప్పని చూపిస్తోంది. నువ్వు తెప్పించిన బోర్డులోనే ఉంది లోపం."

"లోపమైతే మార్పించొచ్చు. ముందు చూడనివ్వండి."

"చూడొద్దని చెప్పానా లేదా?" ఆయన గొంతు లేచింది. "పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటావు. గోడకటువైపు నువ్వు, ఇటువైపు నేను. ఉద్యోగమంటే గడప దాటి వెళ్లాలి. ఈ ఆదివారానికల్లా ఆ గది ఖాళీ చెయ్యి. నా బల్ల నాకు కావాలి."

"గది పోతే ఉద్యోగం పోతుంది మామయ్యా. మీకు తెలుసు."

"బయట బోలెడున్నాయి ఉద్యోగాలు."

ఆయన లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. అత్తగారు వంటింట్లోకి వెళ్లి గ్లాసులో సగం వరకే టీ పోసి, ఆయన గది గుమ్మం పక్కనున్న బల్ల మీద పెట్టి వచ్చింది. ఏడాదిగా ఇదే వరస. ఆయనకు అర గ్లాసే చాలేమోనని కోడలు అనుకుంటుంది. అదీ ఎవరూ చూడనప్పుడు తలుపు తీసి తీసుకుంటారు.

"తాగడానికి కూడా పరదా ఏంటత్తయ్యా?" అంది కోడలు, కళ్లలో తిరుగుతున్న నీళ్లను కొంగుతో అద్దుకుంటూ.

"ఆయన సంగతి ఆయనకే ఎరుక. నువ్వు పోయి కూర్చో, ఆలస్యమైతే నువ్వూ మాటపడాలి" అంది అత్తగారు, ఆమె ముఖం వైపు చూడకుండా.

కోడలు గదిలోకి వచ్చి తలుపు వేసి హెడ్‌సెట్ తగిలించుకుంది. ఇరవై నిమిషాలు కుర్చీ వదిలితే సూపర్‌వైజర్ తెర మీద ఆమె పేరు ఎర్రబడుతుంది. బయటికెళ్తే మామగారి మాటలు, ఇక్కడుంటే సూపర్‌వైజర్ కన్ను. పక్క గదిలో మొగుణ్ణి లేపి చెప్పుకుందామన్నా, రాత్రంతా లిఫ్టు గుంతల్లో వేలాడి వచ్చినవాణ్ణి ఎలా లేపుతుంది? కక్కలేక మింగలేక కూర్చుంది. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులే. ఉద్యోగం లేకుండా ఈ ఇంట్లో పగలంతా తను ఏమైపోతుందో తలచుకుంటేనే ఊపిరాడనట్టయింది.

తొమ్మిదిన్నరకు ఒక చాట్ వచ్చింది. తెలుగులో రాసేవాళ్లకు జవాబివ్వడానికి కంపెనీలో ముగ్గురున్నా, ఉదయం పూట ఉండేది ఆమె ఒక్కతే.

"కొత్త బోర్డు. చిప్‌సెట్ డ్రైవర్ పడటం లేదు. ఇప్పటికే మరో ఇన్‌స్టలేషన్ నడుస్తోందని చూపిస్తోంది. నేను ఒక్కటే నడిపాను."

ఆ నాలుగు ముక్కల్లో ఒక్కో అక్షరం రెండేసి సార్లు, కొన్ని మూడేసి సార్లు పడ్డాయి. కోడలు కూడబలుక్కుని చదివింది. చదువుతుండగానే గోడ అవతల మామగారి పాత కీబోర్డు టకటకమంది. ఆ చప్పుడు ఆగగానే ఆమె తెర మీద కొత్త వాక్యం వచ్చింది.

"పన్నెండు లోపల కావాలి."

అవతల రాస్తున్నది మామగారే. ఇంట్లోవాళ్ల సమస్యలు వస్తే వెంటనే వేరేవాళ్లకు అప్పగించాలన్నది కంపెనీ రూలు. అప్పగిస్తే మధ్యాహ్నం షిఫ్టు వాళ్లు ఒంటిగంటకు గానీ చూడరు. ఆమె వేళ్లు ఒక్క క్షణం ఆగి, తర్వాత రాశాయి.

"తప్పకుండా చూద్దాం అండీ. కీబోర్డు పాతదా? అక్షరాలు రెండేసి పడుతున్నాయి. మీటల కింద దుమ్ము చేరితే అలా అవుతుంది."

గోడ అవతల ఒక్కొక్క మీటా ఆగి ఆగి పడింది.

"తప్పు మీటలది కాదు. చేతిది. ఏడాదిగా వణుకుతోంది."

కోడలు ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివింది. జేబుల్లో చేతులు, అర గ్లాసు టీ, మూసిన తలుపు, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆమె కళ్ల ముందుకొచ్చాయి. ఇన్నాళ్లూ ఆయనది అహంకారమనుకుంది. ఒకే కప్పు కింద ఉంటూ ఇంత గుడ్డిగా ఎలా ఉన్నానని తన మీద తనకే అసహ్యం వేసింది.

లోపమెక్కడుందో కూడా అప్పుడే తెలిసింది. ఫైలు తెరవడానికి మౌస్‌ను రెండుసార్లు నొక్కాలి. వణికే వేలు నాలుగుసార్లు నొక్కితే ఇన్‌స్టలేషన్ రెండుసార్లు మొదలవుతుంది. ఒకదానికొకటి అడ్డుపడి రెండూ ఆగిపోతాయి. ఆయన విసుగొచ్చి మధ్యలో స్విచ్చి ఆపేసి ఉంటారు. అందుకే సగం పడిన డ్రైవర్ లోపలే ఇరుక్కుపోయింది.

సూపర్‌వైజర్ నుంచి చిన్న గంట మోగింది. "పదిహేను నిమిషాలు దాటాయి. రిమోట్ తీసుకుని ముగించేయండి."

రిమోట్ మీట తెర మీద పచ్చగా మెరుస్తోంది. దాన్ని నొక్కితే మామగారి కంప్యూటర్ ఆమె చేతిలోకి వస్తుంది. రెండు నిమిషాల్లో పనైపోతుంది. నొక్కబోయి, ముందుగా ఒక మాట అడిగింది.

"అండీ, ఇంట్లో సాయం చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"కోడలుంది. ఈ పని తెలిసిందే. పిలవలేను. పిలిస్తే చెయ్యి చూస్తుంది."

"చూస్తే ఏమవుతుంది?" సహాయ కేంద్రం పుస్తకంలో లేని ప్రశ్న అది.

టకటక మొదలైంది, ఆగింది, మళ్లీ మొదలైంది.

"చూసినవాళ్లు ముందు మౌస్ తీసుకుంటారు. ఆ తర్వాత ఒక్కొక్కటీ తీసుకుంటారు. మా నాన్న చెయ్యి వణికినప్పుడు అలా అన్నీ తీసుకున్నది నేనే. ఆయన ఆరేళ్లు కిటికీ దగ్గర కూర్చున్నాడు."

కోడలికి అక్షరాలు అలికినట్టయ్యాయి. ముక్కు ఎగబీల్చింది. ఆ చప్పుడు గోడ దాటుతుందేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పచ్చ మీట మీద నుంచి మౌస్ పక్కకు జరిపింది.

"నేను తీసుకోను. అంతా మీరే చేస్తారు. నేను దారి చెబుతానంతే" అని రాసింది. "ముందు కీబోర్డులో కుడి పక్కన ఉన్న షిఫ్ట్ మీటను ఎనిమిది సెకన్లు నొక్కి పట్టుకోండి. తెర మీద ఏదో అడుగుతుంది, సరేననండి. వెంటవెంటనే రెండుసార్లు పడ్డ మీటను ఇక అది లెక్కచెయ్యదు. చెయ్యి వణికేవాళ్ల కోసమే పెట్టిన ఏర్పాటు ఇది."

కాసేపటికి జవాబు వచ్చింది. ఒక్కో అక్షరం ఒక్కసారే పడింది.

"ఇలాంటిది ఒకటుందని నాకెవరూ చెప్పలేదు."

"మీరు ఎవరినీ అడగలేదు కదండీ" అని రాసి, చెరిపేసి, "ఇప్పుడు తెలిసింది కదండీ" అని పంపింది.

ఆ తర్వాత పని నెమ్మదిగా సాగింది. సగం పడిన డ్రైవర్‌ను, పాత బోర్డు తాలూకు మిగులును తీసేయించింది. మౌస్ ముట్టకుండా బాణం మీటలు, ఎంటర్ మీటతోనే అన్నీ చేయించింది. సూపర్‌వైజర్ గంట రెండోసారి మోగింది, మూడోసారి మోగింది. "ఎందుకు రిమోట్ తీసుకోలేదో మధ్యాహ్నం రాతపూర్వకంగా చెప్పాలి" అన్న మాట కూడా వచ్చింది. ఆమె చూసి ఊరుకుంది.

"ఇప్పుడు కంప్యూటర్ ఒకసారి ఆగి మళ్లీ మొదలవ్వాలి. చాట్ తెగిపోతుంది. పది నిమిషాల్లో తిరిగొస్తే నేనే ఉంటాను. మధ్యలో స్విచ్చి మాత్రం ఆపకండి."

చాట్ తెగిపోయింది. మూడు నిమిషాలు. ఆరు. ఎనిమిది. గోడ అవతల ఉలుకూ పలుకూ లేదు. లేచి వెళ్లి ఆ తలుపు కొడదామా? కొడితే ఇంతసేపూ రాసిందెవరో తెలిసిపోతుంది, పాపం ఆయన పరువు మంటగలుస్తుంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

తొమ్మిదో నిమిషంలో తెర వెలిగింది. "వచ్చాను. ఇప్పుడు?"

"కొత్త డ్రైవర్ ఫైలు మీదికి బాణం మీటతో వెళ్లండి. ఎంటర్ నొక్కండి. ఒక్కసారే."

నిమిషం గడిచింది. తర్వాత గోడ అవతల పెద్ద ప్రింటర్ గర్రుమని గొంతు సవరించుకుంది, కాగితం జర్రున జరిగింది. హాల్లోంచి అత్తగారి కేక వినబడింది.

"హమ్మయ్య! పీనుగ లేచింది!"

కోడలు పెదవులు బిగబట్టి నవ్వుతూ ఏడ్చింది. "మీ సమస్య తీరిందా అండీ?" అని రాసింది. చాట్ ముగించే ముందు అందరినీ అడిగే ప్రశ్నే అది.

"సగం" అని జవాబు వచ్చి చాట్ మూసుకుంది.

పదకొండున్నరకు ఆమె తలుపు మీద చప్పుడైంది. తెరిస్తే మామగారు. కుడిచేతిలో టీ గ్లాసు, ఈసారి నిండుగా. చెయ్యి వణుకుతోంది, టీ తొణికి వేళ్ల మీదుగా నేల మీదికి కారుతోంది. ఆయన ఆ చేతిని దాచలేదు.

"నాకు మాత్రం చెవుల్లేవా అమ్మాయ్?" అన్నారు. "నేను అడగ్గానే గోడకిటువైపు టకటక. అది ఆగ్గానే అక్కడ జవాబు. మొదటి జవాబుకే తెలిసింది ఎవరో."

"మరి చేతి సంగతి..."

"నువ్వని తెలిసే రాశాను. ఎదురుగా నిలబడి చెప్పడానికి నోరు రాలేదు. మీ కంపెనీ వాడు మౌస్ తీసేసుకుంటాడని మెకానిక్ చెప్పాడు. తీసుకుంటావేమోనని చూస్తూ కూర్చున్నాను." ఆయన కళ్లెత్తి ఆమెను చూశారు. "తీసుకోలేదు నువ్వు."

కోడలు గ్లాసు లాక్కోలేదు. తన రెండు చేతులూ ఆయన చేతి చుట్టూ పెట్టింది. వణుకు ఆమె వేళ్లకు కూడా పాకింది.

"గదిలోంచి నిన్ను పొమ్మన్నది కోపంతో కాదమ్మా. పగలంతా నువ్వు బయట ఉంటే చూసే కళ్లు తగ్గుతాయి కదా అని. నువ్వెక్కడికీ వెళ్లకు. ఆ బల్ల నీదే."

"రేపు డాక్టర్ దగ్గరికి వెళ్దాం మామయ్యా. మాట్లాడేది మీరే. నేను పక్కన కూర్చుంటాను."

ఆయన తలూపారు. తర్వాత గొంతు తగ్గించి, "మీ అత్తయ్యకు మాత్రం మెల్లగా చెప్పాలి. బెంగపెట్టుకుంటుంది" అన్నారు.

గుడ్డతో నేల తుడవడానికి వచ్చిన అత్తగారు వాళ్ల వెనకే నిలబడి ఉంది. ఆవిడ కిందికి వంగింది, కానీ గుడ్డ కదలలేదు.

"ఏడాది నుంచీ సగం గ్లాసు పోసేది ఎవరనుకున్నారు?" అంది తలెత్తకుండానే. "మీరు అర గ్లాసు చాలని ఏనాడైనా అడిగారా నన్ను?"